యజమాని ఎగ్జిట్ తేదీ వేయకపోతే పీఎఫ్ క్లెయిమ్ ఎలా పెట్టుకోవాలి?

"నోటీసు పీరియడ్ చేయలేదుగా, నీ పీఎఫ్ రాదు పో." ప్రైవేటు ఆసుపత్రి నర్సులు, స్కూలు టీచర్లు, సెక్యూరిటీ గార్డులు ఉద్యోగం మానేసేటప్పుడు తరచూ వినే మాట ఇది. తర్వాత హెచ్‌ఆర్ వాళ్లు ఫోన్ ఎత్తరు, మేనేజరు రేపు రమ్మంటాడు. విసిగిపోయి చాలామంది నెట్ సెంటర్లో ఎవరికో, తమకు వచ్చే డబ్బులో వాటా ఇస్తామని ఒప్పుకుని, యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడికిచ్చే శాశ్వత నంబరు), పాస్‌వర్డ్, ఓటీపీ అన్నీ చేతిలో పెట్టేస్తున్నారు. ఆ మనిషి చేసే పని ఫోన్లో మీరే చేసుకోవచ్చు. దానికి ఈపీఎఫ్‌ఓ (పీఎఫ్ నడిపే కేంద్ర సంస్థ) ఒక్క రూపాయి ఫీజు కూడా తీసుకోదు.

పీఎఫ్ సొమ్ము కంపెనీ చేతిలో ఉండదు, ఈపీఎఫ్‌ఓ దగ్గర ఉంటుంది. క్లెయిమ్‌కు రిలీవింగ్ లెటర్, నో డ్యూస్, ఎన్‌ఓసీ ఏవీ అక్కర్లేదు. మీరు కంపెనీకి నిజంగానే బాకీ ఉన్నా సరే, దానికోసం పీఎఫ్‌ను జప్తు చేయించడానికి లేదు. 1952 నాటి చట్టంలోనే ఉన్న రక్షణ ఇది. కాబట్టి ఇన్నాళ్లు పనిచేస్తానని రాసిచ్చిన బాండు పేరు చెప్పి బెదిరిస్తే టెన్షన్ పడకండి. బాండు గొడవ వేరు, పీఎఫ్ వేరు.

మామూలు పనులు త్వరగా చెప్పేస్తాను. యూఏఎన్ యాక్టివేట్ అయి ఉండాలి. ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా కేవైసీలో చేరి ఉండాలి. ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు మీ దగ్గర పనిచేస్తూ ఉండాలి, లేకపోతే ముందు ఆధార్ కేంద్రానికి వెళ్లి నంబరు మార్పించుకోండి. బ్యాంకు ఖాతా కలపడానికి ఒకప్పుడు యజమాని ఆమోదం కావాల్సి వచ్చేది. 2025 ఏప్రిల్ నుంచి ఆ అవసరం లేదు, చెక్కు ఫొటో కూడా అడగడం లేదు. పేరులోనో పుట్టిన తేదీలోనో తేడా ఉంటే, 2017 అక్టోబరు 1 తర్వాత ఆధార్‌తో వచ్చిన యూఏఎన్ అయితే చాలావరకు మీరే సరిచేసుకోవచ్చు. అంతకన్నా పాతదైతే జాయింట్ డిక్లరేషన్‌కు (ఉద్యోగి, యజమాని కలిసి ఇచ్చే సవరణ పత్రానికి) యజమాని సంతకం అవసరం పడవచ్చు.

ఇక అసలు చిక్కు ఎగ్జిట్ తేదీ, అంటే మీరు ఉద్యోగం మానేసిన తేదీ. యూఏఎన్ పోర్టల్‌లో లాగిన్ అయి, వ్యూ కింద సర్వీస్ హిస్టరీ తెరవండి. మీరు మానేసిన కంపెనీ వరుసలో ఎగ్జిట్ తేదీ ఉండాల్సిన గడిలో 'నాట్ అవైలబుల్' అని ఉంటే, పోర్టల్ లెక్కలో మీరింకా అక్కడే పనిచేస్తున్నట్టు. అందుకే క్లెయిమ్ పేజీకి వెళ్తే అడ్వాన్సుకు పెట్టే ఫారం 31 ఒక్కటే కనిపిస్తుంది. పీఎఫ్ మొత్తానికి ఫారం 19, పెన్షన్ సొమ్ముకు ఫారం 10సీ రావు. యజమాని చేతిలో ఉన్న తాళం ఇదే.

2020 నుంచి ఆ తేదీని ఉద్యోగే వేసుకోవచ్చు. మేనేజ్ మెనూలో మార్క్ ఎగ్జిట్ నొక్కి, కంపెనీని ఎంచుకుని, తేదీ, కారణం పెట్టి, ఆధార్ ఓటీపీ ఇస్తే అయిపోతుంది. మామూలుగా మానేసినవాళ్లు కారణంగా 'సెసేషన్ - షార్ట్ సర్వీస్' ఎంచుకోవాలి. షరతులు రెండు. చివరిసారి పీఎఫ్ జమైన రెండు నెలల తర్వాతే ఇది కుదురుతుంది. తేదీ కూడా చివరి జమ ఏ నెలదో ఆ నెలలోనే ఉండాలి.

ఈ రెండో షరతు దగ్గరే జనం దెబ్బతింటున్నారు. మీరు ఆగస్టు దాకా పనిచేశారనుకోండి. జీతంలో పీఎఫ్ కోశారు, కానీ యజమాని మే వరకే కట్టాడు. మీరు తొందరపడి మార్క్ ఎగ్జిట్ నొక్కితే మే నెల తేదీ వేయాల్సి వస్తుంది. అంటే జూన్, జులై, ఆగస్టు నెలల్లో అక్కడ పనిచేయలేదని మీరే రాసిచ్చినట్టు. ఒకసారి వేశాక అక్కడికక్కడ వెనక్కి తీసుకోలేరు. కాబట్టి ముందు పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి నెల నెలా సరిపోల్చండి. ఏ నెల పీఎఫ్ అయినా యజమాని తర్వాతి నెల 15 లోగా కట్టేయాలి. కొత్త ఉద్యోగంలో చేరి ఉంటే, పాత ఎగ్జిట్ తేదీ కొత్త చేరిక తేదీకి ముందే ఉండేలా చూసుకోండి. రెండూ ఒకదానిమీదొకటి పడితే పాత పీఎఫ్ కొత్త ఖాతాకు ట్రాన్స్‌ఫర్ కావడం ఆగిపోతుంది.

నెలలు తక్కువైతే మార్క్ ఎగ్జిట్ జోలికి పోకుండా ముందు ఈపీఎఫ్‌ఓ ఫిర్యాదుల వెబ్‌సైటైన ఈపీఎఫ్‌ఐజీఎంఎస్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. పీఎఫ్ కోసినట్టు చూపే పే స్లిప్పులు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, అపాయింట్‌మెంట్ లెటర్ ఉంటే అదీ జతచేయండి. స్లిప్పులు ఇవ్వని చోట ఐడీ కార్డు, హాజరు మెసేజ్‌లు కూడా పనికొస్తాయి. "నాకు అన్యాయం చేశారు" అని పేజీలు రాయకండి. ఏ నెల నుంచి ఏ నెల దాకా, ఎంత కోశారు, ఎంత జమైంది అన్నది నాలుగు వరుసల్లో రాయండి. కాంట్రాక్టరు కింద పనిచేసినవాళ్లు పని చేయించుకున్న అసలు సంస్థ పేరూ రాయాలి, కాంట్రాక్టరు ఎగ్గొడితే బాధ్యత దానిమీద కూడా ఉంటుంది. కోసిన పీఎఫ్ కట్టకుండా వాడుకోవడం నేరం, యజమానులకు ఆ సంగతి తెలుసు. చాలాచోట్ల నోటీసు వెళ్లగానే ఫోన్ ఎత్తడం మొదలుపెడతారు.

తేదీ సరిగ్గా పడ్డాక క్లెయిమ్ పెట్టడం తేలికే. ఆరు నెలలలోపు సర్వీసుకు ఒకప్పుడు పెన్షన్ సొమ్ము వచ్చేది కాదు, 2024 జూన్‌లో చేసిన సవరణతో దానికీ వస్తుంది. పదేళ్లు దాటితే అది తీసుకునేది కాదు, పెన్షన్‌గానే వస్తుంది. ఐదేళ్లు నిండకుండా యాభై వేలకు మించి తీస్తే టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తారు. ఇంకొకటి, ఉద్యోగం పోయాక పీఎఫ్ మొత్తం తీయడానికి ఆగాల్సిన గడువును రెండు నెలల నుంచి 12 నెలలకు, పెన్షన్ సొమ్ముకు 36 నెలలకు పెంచాలని 2025 అక్టోబరులో ఈపీఎఫ్‌ఓ ధర్మకర్తల మండలి నిర్ణయించింది. ఈలోగా 75 శాతం తీసుకోవచ్చన్నారు. క్లెయిమ్ పెట్టే రోజు పోర్టల్ ఏ వీలు చూపిస్తోందో చూసుకుని పెట్టండి. ఇంకో ఉద్యోగం దొరికితే ట్రాన్స్‌ఫరే మేలు.

ఆన్‌లైన్లో తేలకపోతే ప్రతి నెలా 27న జిల్లాల్లో జరిగే 'నిధి ఆప్కే నికట్' శిబిరానికి వెళ్లండి. పీఎఫ్ ఆఫీసుకే వెళ్లేట్టయితే బయల్దేరే ముందు మీ మెంబర్ ఐడీ (ఆ కంపెనీలో మీ పీఎఫ్ ఖాతా నంబరు) మొదటి ఐదు అక్షరాలు చూసుకోండి. అవి మీ ఖాతా ఏ ఆఫీసు కిందదో చెబుతాయి. గుంటూరులో పనిచేసినా కంపెనీ కోడ్ బెంగళూరుదైతే గుంటూరు కౌంటర్లో మీ ఫైలు దొరకదు. అలాంటప్పుడు ఫిర్యాదును ఆ ఆఫీసు పేరు మీదే ఆన్‌లైన్లో పెట్టి, వచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు రాసిపెట్టుకోండి.