వరంగల్ పిన్ కోడ్ 506002ను కారణాంకాలుగా విడగొట్టడం ఎలా?

పెద్ద సంఖ్య లక్షణాలు తెలియాలంటే ముందు దాని ప్రధాన కారణాంకాలు రాబట్టాలి. మిగతావన్నీ వాటి నుంచే వస్తాయి. వరంగల్ పిన్ కోడ్ 5,06,002ను తీసుకుందాం. కాగితం, పెన్ను చాలు.

సరి సంఖ్య కాబట్టి 2తో భాగిస్తే 2,53,001. అంకెల మొత్తం 11, కనుక 3తో పోదు. చివర 1 ఉంది, 5తోనూ పోదు. 7, 11, 13లను విడివిడిగా చూడనక్కర్లేదు. 7 × 11 × 13 = 1001 కాబట్టి చివరి మూడంకెలను వేరు చేసి తేడా తీయండి: 253 − 1 = 252. ఇది 7తో పోతుంది, 11తో గానీ 13తో గానీ పోదు. అంటే అసలు సంఖ్యా అంతే. 7తో భాగిస్తే 36,143. మళ్లీ 7తోనే చూడాలి. ఈసారి శేషం 2. ఈ మెట్టు వదిలేస్తే 49తో పోయే సంఖ్యల దగ్గర దెబ్బతింటారు.

ఇప్పుడు 36,143 వర్గమూలం సుమారు 190. మొదటి సంఖ్య వర్గమూలం 711 దాకా వెళ్లడం వృథా శ్రమ. భాగించిన ప్రతిసారీ హద్దు తగ్గించుకోవాలి. 17కు శేషం 1, 19కి 5, 23కు 10, 29కి 9, 31కి 28, 37కు 31, 41కి 22, 43కు 23. చాలామంది ఇక్కడే విసుగొచ్చి ప్రధాన సంఖ్య అని రాసేస్తారు. 190 దాటకుండా ఆ మాట అనకూడదు. ఆ తర్వాతి 47తోనే పోతుంది: 47 × 769.

769ని మళ్లీ పరీక్షించాలా? అక్కర్లేదు. 47 కంటే చిన్న కారణాంకం దానికి ఉంటే 36,143ని కూడా భాగించేది, వాటన్నిటినీ చూసేశాం. 47 వర్గం 2,209, అది 769 కంటే పెద్దది. కాబట్టి 769 ప్రధాన సంఖ్యే.

5,06,002 = 2 × 7 × 47 × 769

తొమ్మిదితో సరిచూడండి, అంటే ప్రతి సంఖ్య అంకెలనూ ఒక్క అంకె మిగిలేదాకా కూడండి. ఎడమ వైపు అంకెల మొత్తం 13, అంటే 4. కుడి వైపు 2 × 7 × 2 × 4 = 112, అదీ 4. అయితే 769కి బదులు 796 రాసినా ఈ పరీక్ష పట్టుకోదు, అంకెలు తారుమారైనా మొత్తం మారదు కదా. అందుకే ఒకసారి గుణించి చూడడమే మంచిది.

నాలుగూ ఒక్కోసారే వచ్చాయి, కాబట్టి 1నీ, ఆ సంఖ్యనీ కలుపుకొని మొత్తం కారణాంకాలు 2 × 2 × 2 × 2 = 16. ఒక్కో ప్రధాన కారణాంకానికి 1 కలిపి గుణిస్తే వాటి మొత్తం వస్తుంది: 3 × 8 × 48 × 770 = 8,87,040. అందులోంచి అసలు సంఖ్యను తీసేస్తే మిగతా కారణాంకాల మొత్తం 3,81,038. సంఖ్య కంటే తక్కువ.

వరంగల్‌లోని ఇంజనీరింగ్ విద్యాసంస్థ ఎన్‌ఐటీ పిన్ కోడ్ 5,06,004 కేవలం 2 ఎక్కువ, కానీ స్వభావం పూర్తిగా వేరు: 2² × 3 × 149 × 283. ఇక్కడ 2 రెండుసార్లు ఉంది గనుక కారణాంకాలు 3 × 2 × 2 × 2 = 24. మొత్తం తీసేటప్పుడు 2²కు 1 + 2 + 4 = 7 వేయాలి: 7 × 4 × 150 × 284 = 11,92,800. అసలు సంఖ్య పోగా 6,86,796 మిగులుతుంది, సంఖ్య కంటే ఎక్కువ. ఘాతాన్ని మరిచి 7 స్థానంలో 3 వేస్తే మొత్తం 5,11,200 అవుతుంది, మిగిలేది 5,196 మాత్రమే. అప్పుడు ఎక్కువ కావాల్సింది తక్కువగా తేలుతుంది.