పాత ల్యాప్‌టాప్‌తోని ఇంట్లనే సొంత సర్వర్: ఫ్రీడమ్‌బాక్స్ ఎట్ల పెట్టుకోవాలె

బతుకమ్మ ఫొటోలు, పిల్లల వీడియోలు, పట్టా పాస్‌బుక్కు స్కాన్లు అన్నీ ఎవరిదో కంపెనీ క్లౌడ్‌ల పెడతం, జాగా నిండంగనే నెల నెలా పైసలు కట్టమంటది, పైగా మన ఫొటోలతోని వాళ్లేం చేస్తున్నరో మనకు తెల్వదు. దీనికి ఇంట్లనే చిన్న సర్వర్ (మన ఫైళ్లు దాచి, ఫోన్లకు అందించే కంప్యూటర్) పెట్టుకునే దారి ఉంది, ఆ సాఫ్ట్‌వేర్ పేరు ఫ్రీడమ్‌బాక్స్. కొలంబియా యూనివర్సిటీల లా పాఠాలు చెప్పే ఎబెన్ మోగ్లెన్ 2010ల న్యూయార్క్‌ల ఇచ్చిన ఉపన్యాసంతోని మొదలైన ప్రాజెక్టు ఇది. పూర్తిగా ఫ్రీ సాఫ్ట్‌వేర్, డెబియన్ (విండోస్ లెక్కనే కంప్యూటర్‌ను నడిపే ఫ్రీ లినక్స్ సిస్టమ్) లోపలే ఉంటది, స్క్రీన్ల భాష తెలుగుకు కూడా మార్చుకోవచ్చు, కాకపోతే అక్కడక్కడ ఇంగ్లీష్ ముక్కలు కనిపిస్తయ్.

మెషిన్ సంగతి. చాలామంది రాస్‌బెర్రీ పై (ఎస్డీ కార్డు మీద నడిచే అరచేతంత కంప్యూటర్) కొనమంటరు, నేనైతే మన దిక్కు పాత ల్యాప్‌టాపే నయం అంట. కరెంట్ ఎప్పుడు పోతదో చెప్పలేం, ఎస్డీ కార్డు మీద రాస్తుండంగ గుబుక్కున పోతే డేటా ఆగమైతది, అదే ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటది కాబట్టి అదే యూపీఎస్. హన్మకొండల గానీ కాజీపేటల గానీ ఎవరింట్ల చూసినా బీటెక్ అయిపోయినంక మూలకు పడ్డ ల్యాప్‌టాప్ ఒకటి దొరుకుతది, కీబోర్డు పోయినా పర్లేదు, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు యూఎస్‌బీ కీబోర్డు పెట్టుకుంటే సరిపోతది. 64 బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ ఉంటే బాగ నడుస్తది. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం తీసి పక్కన పెట్టండి, ఎండకాలం 24 గంటలు నడిచే మెషిన్‌ల అది ప్రమాదం. బిల్లు గురించి భయపడకండి, 15 వాట్లు తింటదనుకుంటే నెలకు దాదాపు 11 యూనిట్లు.

ఇన్‌స్టాల్ చేసుడు సులువే. ముందు ల్యాప్‌టాప్‌ల ఉన్న పాత ఫైళ్లు ఏమన్న కావాల్నంటే తీసి పెట్టుకోండి, డిస్కు మొత్తం తుడిచేస్తం. డెబియన్ స్టేబుల్ (దాని 13వ వెర్షన్ 2025 ఆగస్టుల వచ్చింది, పేరు ట్రిక్సీ) పెన్‌డ్రైవ్‌ల ఎక్కించి బూట్ చేయండి, హోస్ట్‌నేమ్ (మెషిన్ పేరు) అడిగిన కాడ ఫ్రీడమ్‌బాక్స్ (freedombox) అని కొట్టండి, సాఫ్ట్‌వేర్ ఎంచుకునే స్క్రీన్ల డెస్క్‌టాప్ టిక్ తీసేసి ఎస్ఎస్‌హెచ్ సర్వర్ (వేరే కంప్యూటర్ నుంచి కమాండ్లు ఇచ్చేందుకు) ఒక్కటి ఉంచండి. రూటర్‌కు ల్యాన్ కేబుల్ పెట్టండి, వైఫై తర్వాత చూద్దాం. ఎక్కినంక రూట్ యూజర్‌గ (అన్ని హక్కులు ఉన్న అకౌంట్) యాప్ట్ ఇన్‌స్టాల్ ఫ్రీడమ్‌బాక్స్ (apt install freedombox) అనే కమాండ్ ఇచ్చి చాయ్ తాగి రండి, నెట్ స్పీడును బట్టి టైమ్ పడతది. మూత మూస్తే మెషిన్ నిద్రపోతది, అది ఆపాలంటే సిస్టమ్‌డీ సెట్టింగ్స్‌లోని లాగిన్‌డీ ఫైల్‌ల (logind.conf) లిడ్ స్విచ్ లైన్ దగ్గర ఇగ్నోర్ అని (HandleLidSwitch=ignore) పెట్టి రీస్టార్ట్ చేయాలె.

ఇగ అదే వైఫై మీద ఉన్న ఫోన్ల గానీ వేరే కంప్యూటర్ల గానీ బ్రౌజర్ తెరిచి ఫ్రీడమ్‌బాక్స్ డాట్ లోకల్ అని కొట్టండి, ముందర హెచ్‌టీటీపీఎస్ ఉండాలె (https://freedombox.local). అది తెరుచుకోకపోతే రూటర్ పేజీల దాని ఐపీ (నెట్‌వర్క్‌ల దాని నంబర్ అడ్రస్) చూసి అది కొట్టండి. సర్టిఫికెట్ బాగలేదని బ్రౌజర్ లొల్లి చేస్తది, మన ఇంట్ల మెషినే కాబట్టి ముందుకు పోవచ్చు. మొదటిసారి ఒక సీక్రెట్ అడుగుతది, అది సర్వర్‌లోనే ప్లింత్ ఫోల్డర్‌ల ఫస్ట్‌బూట్ విజార్డ్ సీక్రెట్ అనే ఫైల్‌ల ఉంటది (/var/lib/plinth/firstboot-wizard-secret). అడ్మిన్ అకౌంట్ చేసుకుంటే అయిపాయె.

యాప్స్ లిస్ట్ చూసి అన్నీ ఒక్కసారి ఎక్కించకండి. ముందు సింక్‌థింగ్ ఒక్కటి పెట్టండి, ఫోన్ల ఫొటోలు వాటంతట అవే సర్వర్‌కు వస్తయ్. సింక్‌థింగ్ ఆండ్రాయిడ్ అసలు యాప్ 2024 డిసెంబర్‌ల ఆపేసిండ్రు, దాని ఫోర్క్ (అదే కోడ్‌తోని వేరేటోళ్లు చేసిన యాప్) వాడుకోవాలె. ఒక్కటి గట్టిగ చెప్త, ఫోన్ల ఫొటో డిలీట్ చేస్తే సర్వర్ల కూడా పోతది, అందుకే సర్వర్ వైపు ఆ ఫోల్డర్‌కు ఫైల్ వెర్షనింగ్ ఆన్ చేయండి, పోయిన ఫైల్ పక్కన దాచిపెడతది. కాంటాక్టులు, క్యాలెండర్ కోసం రాడికేల్ ఉంది, అది తేలిక.

బయటి నుంచి చూసుడు కాడనే అందరికీ తిరకాసు. చాలా కేబుల్, ఫైబర్ కనెక్షన్లకు సొంత పబ్లిక్ ఐపీ రాదు, ఒక్క ఐపీని ఎంతోమందికి పంచుతరు. రూటర్ పేజీల వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు అడ్రస్) 100.64 నుంచి 100.127 మధ్యల మొదలైతే మీదీ గంతే, రూటర్‌ల ఎన్ని పోర్టులు (బయటి నుంచి లోపలికి వచ్చే దారులు) తెరిచినా లాభం లేదు. సింక్‌థింగ్‌కు దీంతోని పనిలేదు, రిలే (మధ్యల ఉండే సర్వర్) ద్వారా ఎన్‌క్రిప్ట్ అయ్యి పోతది. మిగతా వాటికి టోర్ (జాడ దాచే నెట్‌వర్క్) యాప్ ఆన్ చేస్తే ఆనియన్ అడ్రస్ (టోర్‌లనే పనిచేసే పేరు) వస్తది, టోర్ బ్రౌజర్‌ల ఎక్కడికెల్లైనా తెరుచుకుంటది, కొంచెం స్లో. పబ్లిక్ ఐపీ ఉన్నోళ్లు 80, 443 పోర్టులు తెరిచి, డైనమిక్ డీఎన్ఎస్ (ఐపీ మారినా మారని పేరు) పెట్టి, బ్రౌజర్ లొల్లి చేయకుండ లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు, ఫ్రీనే, గడువు అయ్యేలోపు అదే రెన్యూ చేసుకుంటది.

బ్యాకప్ లేకుండ ఈ పని అసలు మొదలుపెట్టకండి. బ్యాకప్స్ పేజీల ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ చూపించి షెడ్యూల్ పెట్టండి, సింక్‌థింగ్ ఫొటోల ఫోల్డర్ అందుల వస్తుందా లేదా ఒకసారి ఫైల్ వెనక్కి తీసి చూసుకోండి, రాకపోతే దాన్ని చేత్తోని వేరే డిస్కుకు కాపీ చేయండి. రెండో కాపీ జనగామల అక్కోళ్లింట్లనో కరీంనగర్ల బామ్మర్దోళ్లింట్లనో ఉంచితే ఇంక మంచిది.

ఈమెయిల్ సర్వర్ కూడా ఉంది గానీ ఇంటి కనెక్షన్ మీద వద్దు, మీ మెయిల్స్ అవతలోళ్ల స్పామ్‌లకే పోతయ్.

ఇల్లు మారితే ల్యాప్‌టాప్ సంకల పెట్టుకొని పోయి కొత్త రూటర్‌కు తగిలిస్తే చాలు, ఆనియన్ అడ్రస్ కూడా అదే ఉంటది. ఊర్ల పెండ్లికి కూడా తీస్కపోవచ్చు, నెట్‌వర్క్స్ పేజీల వైఫైని యాక్సెస్ పాయింట్ (హాట్‌స్పాట్ లెక్క) మోడ్‌ల పెడితే ఇంటర్నెట్ లేకున్నా చుట్టాలందరు దానికి కనెక్ట్ అయ్యి ఫొటోలు తీసుకోవచ్చు. కొన్ని పాత వైఫై కార్డులకు ఆ మోడ్ రాదు, బయలుదేరే ముందు ఇంట్ల ఒకసారి చూసుకోండి.