సర్కారు ఆశ్రమంలో ఉన్న మాజీ సైనికుణ్ణి సరిగ్గా చూస్తున్నారో లేదో ఎట్లా తెలుసుకోవాలి

మా చిన్నాయన ఫౌజ్‌లో సిపాయిగా చేసి, పింఛనుకు కావాల్సిన 15 ఏళ్లు నిండకముందే ఇంటికొచ్చిన మనిషి. ఎట్లున్నావని ఎప్పుడడిగినా "ఠీక్ హై" అంటాడు, ఒళ్లు కాలిపోతున్నా అదే మాట. చిన్నమ్మ పోయాక, పక్షవాతంతో ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాక, పిల్లలు కూడా లేరు కాబట్టి ఓ సర్కారు వృద్ధాశ్రమంలో చేర్చాల్సి వచ్చింది. ఏ ఆశ్రమమో చెప్పను, మంచిగా చేసేవాళ్లూ అక్కడే ఉన్నారు. మొదటి మూడు నెలలు ప్రతి ఆదివారం పోవడం, ఠీక్ హై వినడం, అరటిపండ్లు ఇచ్చి హన్మకొండ బస్సెక్కడం, ఇదే నా పని. నాలుగో నెలలో ఎందుకో దుప్పటి తీసి చూస్తే మడమ మీద రూపాయి బిళ్లంత పుండు. ఇక్కడ రాసేదంతా ఆ తర్వాత నేర్చుకున్నదే.

మొదట, చెప్పి పోవద్దు. ఆదివారం పొద్దున పదింటికి ఏ ఆశ్రమమైనా శుభ్రంగానే ఉంటుంది. రాత్రి భోజనం వేళకు పోండి, ఎవరికి ఎవరు తినిపిస్తున్నారో అప్పుడు తెలుస్తుంది. సద్దుల బతుకమ్మ రోజు, దసరా రోజు, రెండేళ్లకోసారి మేడారం జాతర వారంలో తప్పకుండా పోండి. ఆ రోజుల్లో సగం మంది స్టాఫ్ సెలవులో ఉంటారు, మిగిలిన ఒక్క ఆయా ఇరవై మందిని చూసుకోవాలి. తప్పు ఆమెది కాదు, కానీ మనవాళ్లు ఎండిన నోటితో పడి ఉండేదీ ఆ రోజే.

పోయాక ముందు ఒళ్లు చూడండి, మాటలు తర్వాత. మంచం మీద నుంచి లేవలేని మనిషిని కనీసం రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే పడక పుండ్లు పడతాయి. మడమలు, నడుము కింద తోక ఎముక దగ్గర, తుంటి పక్కలు, మోచేతులు, ఇవన్నీ వెలుతురులో చూడాలి. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదలండి, తెల్లబడకుండా అట్లాగే ఎర్రగా ఉంటే పుండు మొదలవుతున్నట్టు. మన ఛాయకు ఎరుపు సరిగ్గా కనపడదు కాబట్టి చుట్టూ ఉన్న చర్మం కన్నా నల్లగా, వెచ్చగా, గట్టిగా ఉందేమో చెయ్యి పెట్టి చూడాలి. అక్కడ మాలిష్ మాత్రం చెయ్యొద్దు, నేను మంచిదనుకుని కొబ్బరినూనె పెట్టి రుద్దాను, నర్సు తిట్టింది. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాలిలో ఉండేట్టు చేస్తే చాలా మేలు.

తర్వాత నీళ్లు. చిన్నాయన గ్లాసు ఎప్పుడూ మంచానికి ఎడమ పక్క స్టూలు మీద ఉండేది, నిండుగా. అబ్బ, ఎంత బాగా చూస్తున్నారు అనుకున్నాను. ఆయనకు పడిపోయింది ఆ చెయ్యే అని నాకు తట్టడానికి చాలా రోజులు పట్టింది! మే నెల ఎండల్లో ఇది ప్రాణం మీదికి వచ్చే సంగతి. మూత్రం రంగు అడగండి, సంచి పెట్టి ఉంటే మీరే చూడండి, ముదురు పసుపుగా ఉంటే నీళ్లు చాలట్లేదు. మంచినీళ్లు తాగుతుంటే దగ్గు వస్తోందంటే మింగడం సరిగ్గా లేదని అర్థం, పక్షవాతం వచ్చినవాళ్లలో ఇది మామూలే. వెంటనే డాక్టరుకు చెప్పాలి. పడుకోబెట్టి తినిపిస్తుంటే మాత్రం అక్కడే ఆపండి, కూర్చోబెట్టి తినిపించాలి, తిన్నాక అరగంటైనా కూర్చోనియ్యాలి.

బోర్డు మీద రాసిన మెనూ చూసి మురిసిపోకండి, కంచం చూడండి. నెలనెలా బరువు తూచి రాస్తున్నారా అడగండి. 60 కిలోల మనిషి ఒక్క నెలలో 3 కిలోలు తగ్గాడంటే ఊరుకోవద్దు.

మందుల రిజిస్టరు అడిగితే కొంచెం చిరాకు పడతారు, పడనివ్వండి. స్ట్రిప్పులో మిగిలిన గోళీలు లెక్కపెడితే ఎన్ని రోజులు ఎగ్గొట్టారో తెలిసిపోతుంది. పగలంతా మత్తుగా పడి ఉంటే, డాక్టరు రాయకుండా నిద్రగోళీ ఏమన్నా ఇస్తున్నారా అని సూటిగా అడగండి.

మాట్లాడించే పద్ధతి ఒకటుంది, ఇది ఫౌజీలకే పనిచేస్తుందేమో. బాగున్నావా అని అడిగితే ఏమీ రాదు, కష్టం చెప్పుకోవడం వాళ్లకు నామోషీ. ఒకరోజు ఊరికే "చిన్నాయనా, నిన్నటి రిపోర్టు ఇయ్యి" అన్నాను. అంతే, నైట్ డ్యూటీ ఎవరిది, ఎన్నింటికి పిలిచాడు, ఎన్నింటికి వచ్చారు, తడిసిన పక్క ఎప్పుడు మార్చారు, అన్నీ వరసగా చెప్పాడు. రిపోర్టు ఇవ్వడం డ్యూటీ కదా. పక్క మంచం ముసలాయన్ను కూడా అడగండి, ఆయన మనవాడు దాచిందంతా చెప్తాడు.

ఫౌజీ కాగితాలు వేరే ఫైల్లో పెట్టుకోండి. పింఛను వచ్చేవాళ్లకైతే ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు ఆశ్రమంలో ఎవరి దగ్గర ఉందో తెలియాలి, ప్రాణాపాయంలో ఆ పథకం ప్యానెల్‌లో లేని ఆసుపత్రికి తీసుకుపోతే 48 గంటల్లోపు ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌కు చెప్పాలి. ఏటా లైఫ్ సర్టిఫికెట్ మర్చిపోతే పింఛను ఆగుతుంది. 80 నిండితే మూల పింఛను మీద 20 శాతం అదనం, బ్యాంకు పాస్‌బుక్‌లో పడిందో లేదో చూసుకోండి. మా చిన్నాయనలా పింఛను లేని, హవల్దారు వరకు ర్యాంకులో చేసి 65 దాటినవాళ్లకు కేంద్రీయ సైనిక్ బోర్డు నెలనెలా ఇచ్చే సాయం ఉంది. డిశ్చార్జి బుక్ పట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి పోతే అర్హత ఉందో లేదో చెప్తారు.

లోపం కనపడితే ఆయా మీద అరవకండి, రాత్రి మనవాణ్ణి తిప్పాల్సింది ఆమే. సూపరింటెండెంట్‌కు తేదీ, టైము వేసి కాగితం మీద రాసివ్వండి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి, పుండుంటే ఫోటో జతచెయ్యండి. వారంలో కదలిక లేకపోతే జిల్లా సంక్షేమ అధికారికి, ఆ తర్వాత సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో కలెక్టరుకు. 2021లో జిల్లాల పేర్లు మారాయి, వరంగల్ అర్బన్ కాస్తా హన్మకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. ఆశ్రమం ఏ జిల్లాలో ఉందో చూసుకుని పోండి, నాకు ఒక సోమవారం అట్లనే దండగయింది. 14567 వృద్ధుల హెల్ప్‌లైన్ పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా పలుకుతుంది. కొట్టారని తెలిస్తే మాత్రం ఈ మెట్లేవీ ఎక్కొద్దు, నేరుగా 100 చెయ్యండి.

సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టొచ్చు, జిల్లా ఆఫీసులో 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబివ్వాలి. మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని, రాత్రి డ్యూటీలో ఎందరు, చివరి తనిఖీ ఎప్పుడు, ఈ నాలుగే అడగండి. ప్రశ్నలు ఎక్కువైతే జవాబులు పలచబడతాయి.