కాన్పు నొప్పులకు టెన్స్ మెషీన్ ఎలా వాడాలి?

మోకాళ్ల నొప్పులనో, నడుము పట్టేసిందనో ఫిజియోథెరపీకి వెళ్లి ‘కరెంటు పెట్టించుకున్న’ వాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఆ పెట్టే కరెంటుల్లో ఒకటి టెన్స్. అరచేతిలో పట్టే చిన్న పెట్టె, దానికి వైర్లు, వైర్ల చివర ఒంటికి అతుక్కునే ప్యాడ్లు, అంతే. కాన్పు నొప్పులకు కూడా దీన్ని వీపు మీద పెట్టుకోవచ్చని మా చెల్లి అన్నప్పుడు మా అమ్మ అడిగిన మొదటి మాట, “బిడ్డకి షాక్ కొట్టదా?”

కొట్టదు. బ్యాటరీతో నడిచే చిన్న కరెంటు అది, చర్మం దగ్గర ఉన్న నరాలను తడుతుంది, అంతకంటే లోపలికి దాని పని లేదు. గడపకి కాలివేలు కొట్టుకుంటే వెంటనే చేత్తో గట్టిగా రుద్దుకుంటాం కదా, ఇదీ అలాంటిదే. రుద్దిన స్పర్శ వెన్నుపాములోకి ముందు చేరి, వెనక వచ్చే నొప్పి కబురుకి తలుపు కొంచెం మూస్తుందని మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1965లో చెప్పారు. ఆ తర్వాత 1970ల్లో స్వీడన్‌లో కాన్పులకు వాడి చూశారు.

ఆశ పెట్టుకునే ముందు ఒక సంగతి. 2009లో 19 పరిశోధనలను, 1,671 మంది తల్లుల అనుభవాన్ని కలిపి చూస్తే, నొప్పి ఎంత ఉందని అడిగినప్పుడు టెన్స్ పెట్టుకున్నవాళ్లకీ పెట్టుకోనివాళ్లకీ పెద్ద తేడా కనిపించలేదు. అయినా వాడినవాళ్లలో ఎక్కువమంది మళ్లీ కాన్పుకి కూడా కావాలన్నారు. నొప్పులు బాగా ముదిరాక దీన్ని ఇవ్వొద్దని 2014 నాటి బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు చెప్పాయి. నా లెక్కలో ఇది ఆస్పత్రికి వెళ్లేలోపు ఇంట్లో గడిపే గంటలకు పనికొచ్చే వస్తువు. చేతిలో ఒక మీట ఉందన్న ధైర్యం కూడా అందులో భాగమే.

ముందు డాక్టరమ్మని అడగండి

తొమ్మిదో నెల చెకప్‌లోనే అడగాలి. 37 వారాలు నిండకుండా వాడకూడదు. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లు అసలు వాడకూడదు. ఫిట్స్ ఉన్నా, గుండె జబ్బు ఉన్నా డాక్టరు సరేనంటేనే. లేబర్ రూములోకి మెషీన్ రానిస్తారా, పక్కన ఒక మనిషిని ఉండనిస్తారా అన్నదీ అప్పుడే తేల్చుకోండి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాన్పు సమయంలో తోడుగా ఒక ఆడమనిషి ఉండొచ్చని కేంద్రం చెప్పింది కానీ, ఏ వార్డులో ఎలా ఉందో వెళ్లి కనుక్కోవడమే మేలు.

మెషీన్

విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో సర్జికల్ షాపుల్లో అడగండి. తెలిసిన ఫిజియోథెరపిస్టు ఉంటే అద్దెకి ఇస్తారేమో కనుక్కోండి. రెండు ఛానళ్లు, అంటే విడివిడిగా కరెంటు వెళ్లే రెండు వైర్ల జతలు, నాలుగు ప్యాడ్లు ఉండాలి. బ్యాటరీదే తీసుకోండి, గోడ ప్లగ్గుకి పెట్టేది వద్దు. పొట్ట తగ్గిస్తామని అమ్మే కరెంటు బెల్టులు ఇవి కావు. కాన్పు కోసమే చేసిన మెషీన్లలో నొప్పి వచ్చినప్పుడు నొక్కే బూస్ట్ బటన్ ఉంటుంది. మాకు దొరికినదానికి లేదు, చక్రం తిప్పుకున్నాం. ఇంకో బ్యాటరీ, ఇంకో జత ప్యాడ్లు దగ్గర పెట్టుకోండి.

తెచ్చిన రోజే మీ ఆయన చేతి మీద అతికించి మీటలన్నీ నేర్చుకోమనండి. నొప్పుల మధ్యలో కూర్చుని పుస్తకం చదవలేరు.

ప్యాడ్లు ఎక్కడ?

అన్నీ వీపు మీదే. పొట్ట మీద, మెడ ముందు పెట్టకూడదు. పైజత బ్రా పట్టీ ఉండే చోటుకి కొంచెం కిందగా, వెన్నెముకకి అటొకటి ఇటొకటి. కిందిజత నడుము దిగువన, పిరుదుల పైన రెండు చిన్న గుంటలు కనిపిస్తాయే, ఆ ఎత్తులో. ఎముక మీద కాకుండా పక్కనున్న కండ మీద అతకాలి. పుండు, దద్దురు, స్పర్శ తెలియని చోటు ఉంటే దాన్ని వదిలేయండి.

మేము తప్పు చేసింది ఇక్కడే. సాయంత్రం నడుము నొప్పి అంటోందని అమ్మ చెల్లి వీపంతా కొబ్బరినూనె రాసింది. గుంటూరు మే నెల, చెమట సరేసరి. ప్యాడ్లు అతికిస్తే జారి చీరకుచ్చెళ్లలో పడ్డాయి. సబ్బునీళ్లతో తుడిచి, పొడిగుడ్డతో అద్ది, ఫ్యాను కింద ఆరబెట్టాక గానీ నిలవలేదు. నూనె, పౌడరు రెండూ వద్దు.

నొప్పులు మొదలయ్యాక

ఆలస్యం చేయకండి. నొప్పులు దూరం దూరంగా ఉన్నప్పుడే పెట్టుకుంటే ఒళ్లు అలవాటు పడుతుంది. గట్టి నొప్పి దాకా ఆగితే దాని సంగతే తెలియదు.

మెషీన్ ఆఫ్‌లో ఉండగా ప్యాడ్లు అతికించి, సున్నా నుంచి మెల్లగా పెంచండి. చీమలు పాకినట్టు చిమచిమ తెలియాలి. మంట పుడితేనో, కండ లాగేస్తేనో ఎక్కువైనట్టు, తగ్గించండి. నొప్పికీ నొప్పికీ మధ్య ఆగి ఆగి కొట్టే బర్స్ట్ మోడ్ పెట్టుకోండి. నొప్పి లేస్తోందని తెలియగానే, అది గట్టిపడకముందే, ఎడతెగకుండా వచ్చే మోడ్‌కి మార్చండి. సాధారణంగా అది 80 నుంచి 100 హెర్ట్జ్ మధ్య, అంటే సెకనుకి అన్నిసార్లు తట్టేలా ఉంటుంది. నొప్పి దిగాక మళ్లీ బర్స్ట్. చెల్లి మొదట్లో నొప్పి నడినెత్తికెక్కాక అరిచేది, అప్పుడు మా మరిది తిప్పేవాడు. నాలుగైదు నొప్పులయ్యాక ఆమే మీట లాక్కుంది, అప్పటి నుంచి కుదిరింది. గంట గడిచేసరికి అదే కరెంటు తక్కువ అనిపిస్తుంది, కాస్త పెంచుకోవచ్చు. పెట్టుకునే నడవండి, కుర్చీ పట్టుకుని ముందుకి వంగండి. మధ్యమధ్య ప్యాడ్లు తీసి చర్మం ఎర్రబడిందేమో చూడండి.

నడుం మీద వేడినీళ్లు పోయడం మన ఇళ్లలో అలవాటు. పోయించుకోండి, కానీ ముందు మెషీన్ ఆపి, ప్యాడ్లు తీసేయాలి. నీళ్లూ ఇదీ కలవకూడదు. తడి పూర్తిగా ఆరాకే మళ్లీ అతికించాలి.

ఆస్పత్రి దారి

తొలి కాన్పయితే నొప్పులు ఐదేసి నిమిషాలకి వచ్చి, ఒక్కోటి నిమిషం దాకా ఉంటుంటే బయలుదేరండి. డాక్టరు ఇంకా ముందే రమ్మంటే అదే మాట. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా, టెన్స్‌తో హాయిగా ఉందని ఇంట్లో కూర్చోకండి. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి.

వెళ్లగానే నర్సుకి చెప్పండి. బిడ్డ గుండె చూసే మెషీన్‌కి ఇది అడ్డొస్తే కాసేపు ఆపమంటారు. నొప్పి తెలియకుండా వీపుకి చేసే ఎపిడ్యూరల్ ఇంజెక్షన్ ఇవ్వాలన్నా, సిజేరియన్‌కి తీసుకెళ్లాలన్నా తీసేయాల్సిందే. మా చెల్లి తెల్లవారుజామున లేబర్ రూములో తనే పీకేసి, “ఇక ఇంజెక్షన్ ఇవ్వమనండి” అంది. అప్పటికి ఏడు గంటలు లాగింది.

మెషీన్ ఇప్పుడు మా అమ్మ మోకాలి దగ్గరుంది. ప్యాడ్లు ఒకరివి ఒకరు వాడకూడదు కాబట్టి ఆమెకి కొత్తవి కొన్నాం.