అడ్మిషన్ రాలేదా? ముందు ఆ మెయిల్ మళ్ళీ చదవండి

పిల్లల చేత యూనివర్సిటీ దరఖాస్తులు పెట్టించడం నా పని. ఫలితాలు వచ్చే రోజుల్లో ఫోన్లన్నీ ఒకేలా మొదలవుతాయి: "రిజెక్ట్ అయింది." మెయిల్‌లో ఆ మాటే ఉందా అని అడుగుతాను. చాలాసార్లు ఉండదు. వెయిట్‌లిస్ట్ అనో, నిర్ణయం తర్వాతి విడతలో చెబుతామనో, అడిగిన కోర్సు బదులు ఇంకోటి ఇస్తామనో ఉంటుంది. సగం చదివి ఇల్లంతా డీలా పడిపోతుంది. ఒక్కోదానికి ఒక్కో దారి ఉంది కాబట్టి ముందు అది తేల్చుకోండి.

వెయిట్‌లిస్ట్ అయితే, "ఉంటాను" అని మీరు ఒప్పుకుంటేనే చాలా కాలేజీలు పేరు ఉంచుతాయి. అమెరికాలో ఎక్కువ కాలేజీలకు మే 1 లోపు డిపాజిట్ కట్టాలి. ఎన్ని సీట్లు మిగిలాయో వాళ్ళకు తెలిసేది ఆ తర్వాతే. కాబట్టి సీటు ఇచ్చిన ఇంకో కాలేజీలో డిపాజిట్ కట్టేసి ఎదురుచూడండి.

ఈలోపు ఒక ఉత్తరం పంపొచ్చు. అదనంగా ఏమీ పంపొద్దని మెయిల్‌లో ఉంటే మాత్రం పంపకండి. ఒకమ్మాయి తెచ్చిన చిత్తుప్రతి "మీ యూనివర్సిటీలో చదవడం నా చిన్ననాటి కల" అని మొదలైంది. కొట్టేశాను. ఎక్కడో నాలుగో పేరాలో, దరఖాస్తు నాటికి సగంలో ఉన్న నీటి నాణ్యత ప్రాజెక్టు పూర్తయిందని, దాన్ని స్కూల్లో వాడుతున్నారని ఉంది. అసలు సరుకు అదీ! దాన్ని పైకి తెచ్చాం. తర్వాత కొత్త మార్కులు, అక్కడ ఏ కోర్సు ఎందుకు కావాలో రెండు వాక్యాలు, చివర "సీటు ఇస్తే తప్పకుండా చేరతాను." ఈ ఆఖరి మాట నిజమైతేనే రాయాలి, అదీ ఒక్క కాలేజీకే. మొత్తం ఒక పేజీ దాటకూడదు.

అప్పీలు మీద మరీ ఆశ పెట్టుకోకండి. మార్కులు తప్పుగా నమోదైతేనో, దరఖాస్తులో లేని బలమైన కొత్త సమాచారం ఉంటేనో దానికి అర్థం ఉంటుంది. కాలిఫోర్నియా యూనివర్సిటీ క్యాంపస్‌లు అడిగేదీ అదే. "నాకంటే తక్కువ మార్కుల వాడికి వచ్చింది" అనేది అప్పీలు కాదు, ఉక్రోషం.

బ్రిటన్‌లో అయితే క్లియరింగ్ ఉంది. జులై నుంచి అక్టోబర్ దాకా, మిగిలిన సీట్లను యూకాస్ (అక్కడ డిగ్రీ దరఖాస్తులు తీసుకునే సంస్థ) వెబ్‌సైట్‌లో చూసి నేరుగా యూనివర్సిటీకి ఫోన్ చేయొచ్చు. చేయాల్సింది విద్యార్థే. నాన్నగారు మాట్లాడతానంటే వాళ్ళు ఒప్పుకోరు. యూకాస్ ఐడీ, క్లియరింగ్ నంబర్, సబ్జెక్టులవారీ మార్కులు, ఈ కోర్సే ఎందుకో చెప్పే రెండు ముక్కలు కాగితం మీద ముందు పెట్టుకోండి. ఫోన్‌లో ఎన్ని చోట్ల సరేనన్నా, దరఖాస్తులో ఒకసారికి ఒక్క కోర్సే చేర్చగలరు. అందుకే తొందరపడకుండా, ఆఫర్‌ను మెయిల్‌లో పంపమని, ఎప్పటిదాకా చెల్లుతుందని, హాస్టల్ దొరుకుతుందా అని అడిగాకే చేర్చండి.

నాకు బాగా నచ్చిన దారి ట్రాన్స్‌ఫర్. కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ళ కోర్సులు నడిపే స్థానిక కాలేజీ) రెండేళ్ళు చదివి కాలిఫోర్నియా యూనివర్సిటీలో మూడో ఏడాదికి వెళ్ళొచ్చు. డేవిస్, ఇర్వైన్, మెర్సిడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లు షరతులు నెరవేర్చినవారికి సీటు ఇస్తామని ముందే హామీ కూడా ఇస్తాయి. బర్కిలీ, లాస్ ఏంజిలిస్, శాన్ డియాగో ఇవ్వవు. ఇక్కడ పిల్లలు దెబ్బ తినేది క్రెడిట్ల దగ్గర. చదివిన సబ్జెక్టు లెక్కలోకి రాకపోతే మళ్ళీ చదవాలి. కాబట్టి చేరేముందే ఏది చెల్లుతుందో రాతపూర్వకంగా తీసుకోండి. కౌన్సెలర్ నోటిమాట చాలదు.

మార్కులే అడ్డమైతే ఓపెన్ దారులున్నాయి. బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీలో చాలా డిగ్రీలకు ముందు అర్హతలు అడగరు. ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీకి జేఈఈ అక్కర్లేదు. కొన్ని వారాల పాఠాలు విని, క్వాలిఫయర్ పరీక్ష పాసైతే చాలు. ఇక "గ్యారంటీ సీటు, ముందు డబ్బు కట్టండి" అనే ఏజెంట్ ఫోన్ చేస్తే పెట్టేయండి.

ఏడాది ఆగి మళ్ళీ పెట్టడం కూడా మంచిదే, వచ్చే దరఖాస్తులో ఏదైనా నిజంగా మారేటట్టుంటే. అయితే ఆ ఏడాది ఊరికే ఉండలేక ఇంకో కాలేజీలో డిగ్రీ క్లాసులకు చేరేవాళ్ళున్నారు. అలా చేరితే కొన్ని యూనివర్సిటీలు మిమ్మల్ని కొత్త విద్యార్థిగా కాకుండా ట్రాన్స్‌ఫర్ అభ్యర్థిగా చూస్తాయి, స్కాలర్‌షిప్ నిబంధనలూ మారొచ్చు. ఇది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. ఫీజు కట్టకముందే, మీరు మళ్ళీ పెట్టబోయే యూనివర్సిటీకి మెయిల్ రాసి కనుక్కోండి.