అమ్మానాన్నల కోసం గ్యారేజ్ తలుపుకి కీప్యాడ్

పోయిన జులైలో ఒకరోజు పొద్దున అమ్మా నాన్నా వాకింగ్‌కి వెళ్ళి తిరిగొచ్చేసరికి ఇంటికి తాళం ఉంది. నేను అప్పటికే ఆఫీసులో ఉన్నాను. మావారు పాపని సమ్మర్ క్యాంపులో దింపడానికి వెళ్తూ అలవాటు ప్రకారం ముందు తలుపు లాక్ చేసేశారు. గ్యారేజ్ రిమోట్లు రెండు. ఒకటి నా కారులో, ఒకటి ఆయన కారులో. నాన్న ఫోను లోపల చార్జింగ్‌లో ఉంది.

మేముండేది టెక్సస్‌లోని ఫ్రిస్కోలో. జులైలో ఇక్కడ తొమ్మిదింటికే ఎండ చురుక్కుమంటుంది. పక్కింటి తలుపు తట్టి మంచినీళ్ళు అడుగుదామంటే అమ్మానాన్నలకి ఇంగ్లీషూ రాదు, ఆ చనువూ లేదు. గంటన్నర సేపు ఎదురింటి వాళ్ళ చెట్టు నీడలో, ఫుట్‌పాత్ అంచున కూర్చున్నారు. మావారు తిరిగొచ్చి చూసి నాకు ఫోన్ చేశారు. అమ్మ మాత్రం "పర్లేదులేవే, గాలి బాగానే ఆడింది" అంది. తెనాలిలో సొంత ఇంట్లో నలభై ఏళ్ళుగా కొంగుకి తాళాల గుత్తి కట్టుకుని తిరిగిన మనిషి ఆవిడ. కూతురి ఇంటి బయట అలా కూర్చోవాల్సి వచ్చిందంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఆ సాయంత్రమే వెళ్ళి, బయట గోడకి బిగించి నంబరు కొడితే గ్యారేజ్ తలుపు తెరిచే కీప్యాడ్ కొనుక్కొచ్చాను.

ఫోన్‌తో తెరిచే యాప్ ఉంది కదా అని కొందరన్నారు. ఉంది. కానీ ఆరోజు మర్చిపోయింది ఫోనే. ఇంకో తాళంచెవి చేయించి ఇస్తే అదీ ఒకరోజు ఇంట్లోనే ఉండిపోతుంది. నాలుగు అంకెలైతే మనిషితోనే వస్తాయి. అమ్మానాన్నలు ఆరేసి నెలలు వచ్చి ఉండే ఇళ్ళలో ఇది తప్పకుండా ఉండాలని నా అభిప్రాయం. నాకు మొత్తం యాభై డాలర్ల లోపే అయింది. పని గంటలో అయిపోతుంది.

కొనడానికి వెళ్ళేముందు నిచ్చెన వేసుకుని గ్యారేజ్ సీలింగ్‌కి ఉన్న, తలుపుని ఎత్తి దించే ఓపెనర్ మోటారుని ఒకసారి చూడండి. దాని మీద ఏ కంపెనీదో రాసి ఉంటుంది. వెనకవైపో పక్కనో, ఒక్కోసారి లైటు మూత కిందో, లెర్న్ అని చిన్న బటన్ ఉంటుంది. కొత్త రిమోట్‌నో కీప్యాడ్‌నో గుర్తుపట్టేలా ఓపెనర్‌కి నేర్పేది అదే. లిఫ్ట్‌మాస్టర్, చేంబర్లిన్ ఓపెనర్లలో ఆ బటన్ రంగుని బట్టి అది ఏ తరందో తెలుస్తుంది. 2011 నుంచి వచ్చినవాటిలో చాలావాటికి పసుపు. అంతకుముందువాటికి ఊదా, ఎరుపు లేదా నారింజ, ఇంకా పాతవాటికి ఆకుపచ్చ. మా ఇంట్లో ఉన్నది పసుపు బటన్ లిఫ్ట్‌మాస్టర్. దానికి 877మాక్స్ అనే కీప్యాడ్ తెచ్చాను. 1993 నుంచి తయారైన చాలా లిఫ్ట్‌మాస్టర్ ఓపెనర్లకి అది పనికొస్తుంది. ఏ కంపెనీకైనా పడుతుందని చెప్పే యూనివర్సల్ కీప్యాడ్లూ దొరుకుతాయి కానీ, ఓపెనర్ ఏ కంపెనీదో కీప్యాడ్ కూడా ఆ కంపెనీదే తీసుకుంటే ప్రోగ్రామింగ్‌లో తలనొప్పి ఉండదు. బటన్ ఫోటో తీసుకుని షాపుకి వెళ్ళండి, అట్టపెట్టె మీద ఆ రంగులు వేసే ఉంటాయి.

నంబరు ఏది పెట్టాలన్న దగ్గరే అందరూ తొందరపడతారు. పుట్టినరోజులు, ఇంటి నంబరు, 1234 పెట్టొద్దు. ఇంటి నంబరైతే గుమ్మం మీదే రాసి ఉంటుంది. మనకి తేలిగ్గా గుర్తుండేది కాదు, అమ్మానాన్నలకి తేలిగ్గా గుర్తుండేది పెట్టాలి. నేనేదో చెప్పబోతుంటే నాన్న "చేతక్ నంబరు పెట్టు" అన్నారు. నా చిన్నప్పటి స్కూటర్ అది. అమ్మి ఇరవై ఏళ్ళు దాటింది. ఆ నంబరు వాళ్ళిద్దరికీ నిద్రలో లేపి అడిగినా వస్తుంది, అమెరికాలో ఎవరికీ తెలిసే వీల్లేదు. మీ ఇంట్లో కూడా అలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. పాత ల్యాండ్‌లైన్ చివరి అంకెలో, గ్యాస్ బుక్‌లో నంబరో.

ఆ నంబరులో ఒక అంకె రెండుసార్లు వచ్చేది. అది మంచిదే. రోజూ నొక్కే బటన్లు కొన్నాళ్ళకి అరిగి, మిగతావాటికంటే వేరుగా కనిపిస్తాయి. నాలుగు వేర్వేరు అంకెలైతే ఆ అరుగుదల చూసినవాడికి 24 రకాలుగా నొక్కి చూస్తే సరిపోతుంది. ఒక అంకె రెండుసార్లు వస్తే అరిగేవి మూడే బటన్లయినా 36 రకాలవుతాయి. పెద్ద రక్ష ఏమీ కాదు గానీ, ఖర్చులేనిది. నెలకోసారి అన్ని బటన్లూ తడిగుడ్డతో తుడిస్తే ఆ తేడా అంతగా కనిపించదు.

చాలామంది ముందు గోడకి బిగించి తర్వాత ప్రోగ్రామ్ చేస్తారు. నేను తిరగేసి చేశాను, మీకూ అదే చెప్తాను. ముందు చేతిలో పెట్టుకుని ప్రోగ్రామ్ చేసి, బిగించాలనుకున్న చోట నిలబడి నొక్కి చూడండి. సిగ్నల్ అందకపోతే మేకు దిగకముందే తెలుస్తుంది.

కీప్యాడ్‌లో 9 వోల్టుల బ్యాటరీ పెట్టాక, గ్యారేజ్ తలుపు దారిలో ఎవరూ ఏమీ లేకుండా చూసుకోండి. నిచ్చెన ఎక్కి లెర్న్ బటన్ ఒక్కసారి నొక్కి వదిలేయండి. పక్కన చిన్న లైటు వెలుగుతుంది. అక్కణ్ణించి 30 సెకన్ల టైముంది. కీప్యాడ్ మీద నాలుగు అంకెలు కొట్టి, ఎంటర్ బటన్‌ని నొక్కి పట్టుకోండి. ఓపెనర్ బల్బు మినుకుమంటుంది, బల్బు లేకపోతే టక్‌టక్‌మని రెండు చప్పుళ్ళు వినిపిస్తాయి. అప్పుడు వదిలేయండి. అంతే. నిచ్చెన మీద ఒకరు, కింద కీప్యాడ్‌తో ఒకరు ఉంటే టెన్షన్ ఉండదు. మా ఇంట్లో నేను పైన, నాన్న కింద. అంకెలు ఆయన చేతే కొట్టించాను.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. లెర్న్ బటన్‌ని నొక్కి వెంటనే వదలాలి. ఆరు సెకన్లు అలాగే పట్టుకుంటే అప్పటిదాకా నేర్పిన రిమోట్లూ కీప్యాడ్లూ అన్నీ చెరిగిపోతాయి. మళ్ళీ ఒక్కోటి మొదటి నుంచి నేర్పాలి. కారులో అద్దం దగ్గరుండే గ్యారేజ్ బటన్లని కూడా.

ఎంత ఎత్తున బిగించాలన్నది మా ఇంట్లో పెద్ద చర్చ. చిన్నపిల్లలకి అందకుండా కనీసం 5 అడుగుల ఎత్తున పెట్టాలని మాన్యువల్ చెప్తుంది. తలుపు అక్కణ్ణించి కనిపించాలనీ, కదిలే భాగాలకి దూరంగా ఉండాలనీ చెప్తుంది. అమ్మ ఎత్తు నాలుగు అడుగుల పది అంగుళాలు. కీప్యాడ్ బదులు ఒక అట్టముక్కని ఆ ఎత్తులో పేపర్ టేపుతో గోడకి అంటించి అమ్మని నొక్కి చూడమన్నాను. చెయ్యి సులువుగానే అందింది. చిక్కు కళ్ళజోడుతో వచ్చింది. ఆవిడది బైఫోకల్. దగ్గరవి కనిపించే గాజు కింద భాగంలో ఉంటుంది. తల ఎత్తి చూస్తే పై భాగం లోంచి చూడాలి, అంకెలు మసకగా కనిపిస్తాయి. తల బాగా వెనక్కి వంచితే మెడ పట్టేస్తుంది.

కిందకి దించుదామా అంటే మా పాపకి ఆరేళ్ళు. బరువైన తలుపు పిల్లల చేతికి అందే ఆట వస్తువు కాకూడదు. అందుకని ఎత్తు మార్చలేదు, అమ్మకి వేళ్ళతో నేర్పాను. ఫోన్‌లో లాగే పై వరసలో ఒకటి, రెండు, మూడు ఉంటాయి. "పై వరస చివర, దాని కింద, మళ్ళీ దాని కిందే" అన్నట్టుగా తోవ చెప్తే రెండు రోజుల్లో చూడకుండా నొక్కడం వచ్చేసింది. ముగ్గులో చుక్కలు కలిపినట్టే ఉందంది.

కుడివైపా ఎడమవైపా అన్నది, వాళ్ళు నడిచొచ్చే వైపుని బట్టి చూసుకోండి. మా గ్యారేజ్ పడమర ముఖం. చూరు నీడ పడే వైపు పెట్టాను, మధ్యాహ్నం ఎండకి బటన్లు కాలకుండా. ఇక్కడ ఇళ్ళకి బయట ఇటుక గోడ ఉన్నా, గ్యారేజ్ తలుపు చుట్టూ చెక్క పట్టీ ఉంటుంది. దానికి బిగిస్తే పని తేలిక. కీప్యాడ్ కింద మూత తీస్తే కింది స్క్రూ రంధ్రం కనిపిస్తుంది. పై స్క్రూకి ఎనిమిదో వంతు అంగుళం బిట్‌తో రంధ్రం చేసి, స్క్రూ తల కొంచెం బయటికి ఉండేలా బిగించండి. కీప్యాడ్‌ని దానికి తగిలించి, తిన్నగా ఉందో లేదో చూసి, కింది రంధ్రం గుర్తు పెట్టి రెండో స్క్రూ వేయండి. మరీ గట్టిగా తిప్పితే ప్లాస్టిక్ పగులుతుంది. ఇటుక గోడే గతి అయితే కాంక్రీటు బిట్టూ, స్క్రూ పట్టు కోసం రంధ్రంలో దూర్చే ప్లాస్టిక్ ప్లగ్గులూ కావాలి. ఇటుకలో కంటే ఇటుకల మధ్య సిమెంటులో రంధ్రం చేస్తే తర్వాత పూడ్చుకోవడం సులువు.

బిగించడంతో పని అయిపోలేదు. గ్యారేజ్ లోంచి ఇంట్లోకి వెళ్ళే తలుపు సంగతి చూసుకోవాలి. అది లాక్ చేసి ఉంటే కీప్యాడ్ ఉన్నా వాళ్ళు గ్యారేజ్‌లోనే నిలబడాలి. ఎప్పుడూ తీసే ఉంచితే ఆ నాలుగు అంకెలే ఇంటి తాళమైనట్టు. మేం పగలు గడియ తీసి ఉంచుతాం, రాత్రి వేసేస్తాం.

ఆ తర్వాత వారం రోజులు నేను ఇంట్లో ఉన్నప్పుడే వాళ్ళ చేత తెరిపించాను, మూయించాను. మా కీప్యాడ్‌లో మూయడానికి నంబరు అక్కర్లేదు, ఎంటర్ ఒక్కటి నొక్కితే చాలు. కానీ తలుపు పూర్తిగా నేలకి ఆనేదాకా అక్కడే నిలబడి చూడాలని గట్టిగా చెప్పాను. మూడో రోజు తలుపు సగం దిగి మళ్ళీ పైకి వెళ్ళిపోయింది. పైన బల్బు మినుకుమంటోంది. నాన్న ఏదో పాడుచేశానని కంగారుపడ్డారు. చూస్తే గ్యారేజ్ ఊడ్చి తలుపు పక్కన ఆనించిన చీపురు జారి అడ్డంగా పడి ఉంది. తలుపుకి రెండువైపులా నేలకి ఆరు అంగుళాల లోపు ఎత్తులో చిన్న కళ్ళలాంటి సెన్సర్లుంటాయి. వాటి మధ్య ఏది అడ్డొచ్చినా తలుపు దిగదు, దిగుతున్నదైతే తిరిగి పైకి వెళ్ళిపోతుంది. పిల్లలు కింద పడి నలిగిపోకుండా 1993 నుంచి తయారయ్యే ప్రతి ఓపెనర్‌కీ ఇక్కడ ఆ రక్షణ తప్పనిసరి చేశారు. వంగి చీపురు తీసి చూపించాక నాన్న ఊపిరి పీల్చుకున్నారు. మీరూ ఆ సెన్సర్లని మొదటిరోజే చూపించండి.

నంబరు సరిగ్గా కొట్టినా తలుపు కదలకపోతే ముందు లోపల గోడ స్విచ్ మీద లాక్ బటన్ ఎవరైనా నొక్కారేమో చూడండి. అది నొక్కితే బయటి రిమోట్లు పనిచేయవు, కొన్ని ఓపెనర్లలో కీప్యాడ్ కూడా పనిచేయదు. పిల్లలు నొక్కుతుంటారు. దగ్గరికి వెళ్తేనే పనిచేస్తోందంటే ఓపెనర్‌లో ఈమధ్య ఎల్‌ఈడీ బల్బు మార్చారేమో గుర్తుచేసుకోండి. కొన్ని ఎల్‌ఈడీలు రేడియో సిగ్నల్‌కి అడ్డం పడతాయి. గ్యారేజ్ ఓపెనర్ల కోసమే చేసిన బల్బులు దొరుకుతాయి. బటన్ల వెలుగు మందగిస్తే బ్యాటరీ మార్చేయండి. చలికాలంలో బ్యాటరీ బలం తగ్గుతుంది, అందుకని నేను నవంబరులోనే మార్చేస్తాను.

కరెంటు పోతే మాత్రం కీప్యాడ్ చేసేదేమీ లేదు, ఓపెనర్‌లో బ్యాటరీ బ్యాకప్ ఉంటే తప్ప. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి కొత్తగా అమ్మే ఓపెనర్లకి ఆ బ్యాకప్ ఉండాలని చట్టం చేశారు. మా టెక్సస్ ఇంట్లో లేదు. తలుపుని మోటారు నుంచి విడదీసే ఎర్ర తాడు ఉంటుంది కానీ అది లోపల ఉంటుంది. అందుకే ముందు తలుపు తాళంచెవి ఒకటి మా వీధి చివర తెలుగువాళ్ళింట్లో ఇచ్చి, ఆ ఇల్లు అమ్మానాన్నలకి నడిపించి చూపించాను.

డిసెంబరులో అందరం ఇండియా వెళ్ళినప్పుడు ఈ కీప్యాడే కరివేపాకు మొక్కని కాపాడింది. చలికి చచ్చిపోకుండా కుండీని గ్యారేజ్‌లో పెడతాం కదా, నీళ్ళెవరు పోస్తారని బెంగ. ఇందులో కొద్దిరోజులకే పనిచేసే రెండో నంబరు పెట్టుకోవచ్చు. మన నంబరు కొట్టి, బల్బు మూడుసార్లు మినుకుమనేదాకా నక్షత్రం గుర్తున్న బటన్ పట్టుకుని, కొత్త నాలుగు అంకెలు కొట్టాలి. తర్వాత ఎన్ని గంటలు పనిచేయాలో కొట్టి నక్షత్రం, లేదా ఎన్నిసార్లు తెరవాలో కొట్టి హ్యాష్ నొక్కాలి. స్నేహితురాలికి పదిసార్లకి పెట్టి ఇచ్చాను. లోపలి తలుపు గడియ వేసే వెళ్ళాం. తిరిగొచ్చేసరికి మొక్క రెండు చిగుళ్ళు వేసి ఉంది.

చేతక్ సంగతి ఇక్కడ రాశాను కాబట్టి ఆ నంబరు ముందే మార్చేశాను. దానికి నిచ్చెన కూడా అక్కర్లేదు. పాత నంబరు కొట్టి, బల్బు రెండుసార్లు మినుకుమనేదాకా హ్యాష్ పట్టుకుని వదిలేసి, కొత్త నంబరు కొట్టి ఎంటర్ నొక్కితే సరి. అమ్మావాళ్ళు మళ్ళీ ఏప్రిల్‌లో వస్తున్నారు. కొత్త నంబరు ఏంటని అమ్మ ఫోన్‌లో అడిగింది. నేను చెప్పలేదు. ఎయిర్‌పోర్ట్ నుంచి వచ్చాక సామాను దించకముందే కీప్యాడ్ ముందు నిలబెట్టి, ఏ వరసో ఏ చివరో వేలు పట్టి చూపిస్తాను.