మాస్టోడాన్‌లో చేరే ముందు సర్వర్ ‘అబౌట్’ పేజీ చదవండి

మాస్టోడాన్‌లో చేరదామనుకునేవాళ్లకు ఒక మాట. అది ట్విట్టర్ లాంటి సోషల్ మీడియానే, కానీ అక్కడ అందరినీ చూసుకునే కంపెనీ ఒకటంటూ ఉండదు. వేర్వేరు వాళ్లు నడిపే, ఒకదానితో ఒకటి కలిసి ఉండే వేల సైట్లు (సర్వర్లు), ఎవరి సర్వర్‌కు వాళ్లే పెద్ద. ఎవరైనా మిమ్మల్ని బూతులు తిడితే మీ రిపోర్ట్ ముందు చేరేది మీ సర్వర్ నడిపేవాళ్లకే. అందుకే జనం ఎక్కువున్నారని గబుక్కున చేరిపోకండి.

అకౌంట్ లేకపోయినా అబౌట్ పేజీ చూడొచ్చు. అడ్మిన్ ఎవరు, ఎలా సంప్రదించాలి, రూల్స్ ఏంటి అన్నీ అక్కడే ఉంటాయి. ‘మర్యాదగా ఉండండి’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే నాకైతే నమ్మకం కుదరదు. వేధింపులు, ద్వేషం, స్పామ్ గురించి విడివిడిగా చెప్పాలి. కులం పేరుతో దూషణ మాటేమిటో కూడా చూడండి, లేకపోతే అడ్మిన్‌నే అడగండి. ఆ జవాబు వచ్చే తీరులోనే చాలా తెలిసిపోతుంది. కొన్ని సర్వర్లు తాము బ్లాక్ చేసిన సర్వర్ల జాబితాను కారణాలతో సహా అదే పేజీలో పెడతాయి. అది తప్పక చదవండి.

మాస్టోడాన్ అధికారిక సైట్ జాబితాలోని సర్వర్లు రోజూ బ్యాకప్ తీస్తామని, మూసేస్తే 3 నెలల ముందే చెబుతామని మాటిచ్చినవి. వెతుకులాట అక్కడ మొదలుపెట్టండి. తర్వాత సర్వర్ మారితే ఫాలోవర్లు మీతో వస్తారు, పాత పోస్టులు మాత్రం రావు.